పావు కిలో రొయ్యలతో జంతుశాస్త్రం: వెన్నెముక లేని దేహాన్ని ఇంట్లోనే విప్పి చూసే పద్ధతి

ఇంటర్ బైపీసీలో చేరిన పిల్లలకు జంతుశాస్త్రంలో ఎక్కువ టెన్షన్ పెట్టేది అకశేరుకాల, అంటే వెన్నెముక లేని జీవుల, భాగం. విజయవాడ హాస్టళ్లలో స్టడీ అవర్ సమయంలో నడిస్తే వినపడుతూనే ఉంటుంది: బొద్దింక గుండెకు 13 గదులు, శ్వాసరంధ్రాలు 10 జతలు, వానపాముకు క్లైటెల్లం 14 నుంచి 16 ఖండితాల్లో. అంకెలు నోటికి వస్తాయి. ఆ గుండె వీపు వైపు ఎందుకుంది, ఆ రక్తానికి రంగెందుకు లేదు అని అడిగితే మాత్రం మౌనం. ఆ జీవిని వాళ్లు ఎప్పుడూ దగ్గరగా చూడలేదు, అందుకే చెప్పలేరు. డిగ్రీ, పీజీ కోర్సుల్లో జంతువులను కోయించడం ఆపాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2014లో చెప్పింది. ప్రయోగం పేరిట లక్షల ప్రాణులు పోకుండా ఆగడం మంచిదే. కానీ ఆ ఖాళీని పటాలతో, వీడియోలతో మాత్రమే నింపుకోవాల్సిన అవసరం కృష్ణా, గుంటూరు ప్రాంతాల వాళ్లకు లేదు. ఎందుకంటే మన చేపల మార్కెట్లో రొయ్య దొరుకుతుంది. తినడానికి ఎలాగూ కొంటాం. వండే ముందు రెండు గంటలు కేటాయిస్తే చాలు.

భూమ్మీది జంతు జాతుల్లో నూటికి 95కు పైగా వెన్నెముక లేనివే. ఇన్ని రకాల దేహాలను గుర్తుపెట్టుకోవడానికి నేను నమ్మే దారి ఒకటే. ఒక జీవిని పూర్తిగా చూడాలి. తర్వాత మిగతా వాటిని దాని పక్కన పెట్టి, తేడా ఎక్కడుందో, ఎందుకుందో అడగాలి. ఆ మొదటి జీవిగా రొయ్యను మించింది మనకు లేదు. దేహం పెద్దది, అవయవాలు కంటికి ఆనుతాయి, పెంకు కత్తెరకు లొంగుతుంది.

ఏం కొనాలి, ఏం సిద్ధం చేసుకోవాలి

విజయవాడ, గుంటూరు మార్కెట్లకు కైకలూరు, బందరు, రేపల్లె, నిజాంపట్నం వైపు నుంచి సరుకు వస్తుంది. అందులో ఎక్కువ భాగం వనామి రకం రొయ్య. ఇది మన సముద్రపు జీవి కాదు. దీని సొంత చోటు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో దీని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు చెరువుల్లో టైగర్ రొయ్యదే పెద్దపీట. మీ పనికి రెండింటిలో ఏదైనా సరే.

తల తీయకుండా ఇమ్మని ముందే చెప్పండి. లేకపోతే అమ్మేవాళ్ల చెయ్యి అలవాటుగా తల తుంచేస్తుంది. 30 కౌంట్ లేదా అంతకన్నా పెద్దవి అడగండి. కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క కాబట్టి 30 కౌంట్ రొయ్య ఒక్కోటి 33 గ్రాముల దాకా ఉంటుంది, పావు కిలోకు ఏడెనిమిది వస్తాయి. మూడింటిని చూడటానికి పక్కన పెట్టి, మిగిలినవి వంటకు ఇచ్చేయండి. తల గట్టిగా అతుక్కుని, పెంకు మెరుస్తూ ఉన్నదే ఎంచుకోండి. తల వేలాడుతోందంటే లోపల జీర్ణరసాలు తన కణజాలాన్నే కరిగించడం మొదలైపోయింది. అలాంటి దాంట్లో మీకు అవయవాలు దొరకవు, గుజ్జు దొరుకుతుంది. అందుకే కొన్న వెంటనే ఐసులో పెట్టించి తెచ్చుకోండి. బుట్టలో మంచినీటి నీలకంఠ రొయ్య కనిపిస్తే ఒకటి అదనంగా తీసుకోండి. పోల్చడానికి చాలా పనికొస్తుంది.

పనిముట్లు: తెల్లటి పింగాణీ పళ్లెం లేదా లోతున్న స్టీల్ ప్లేటు, మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర, ట్వీజర్, రెండు కుట్టు సూదులు, భూతద్దం, నల్ల చార్టు ముక్క, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, ఫోను. వంటింటి కత్తెర వాడకండి.

రెండు జాగ్రత్తలు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రొయ్య తల ముందున్న ముల్లు గుచ్చుకుంటే గాయంలో సూక్ష్మజీవులు చేరి చెయ్యి వాచే ప్రమాదం ఉంది, గ్లవ్స్ తప్పనిసరి. ఇక ఇంట్లో ఎవరికైనా రొయ్యలు పడకపోతే వాళ్లను ఈ పనికి దూరంగా ఉంచండి. రొయ్య అలర్జీకి ముఖ్య కారణం దాని కండరాల్లోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. దాదాపు అదే ప్రోటీన్ బొద్దింకలోనూ, ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగుల్లోనూ ఉంటుంది. దుమ్ము పడని కొందరికి రొయ్య కూడా పడకపోవడానికి ఈ పోలికే కారణం. ఈ జీవులన్నీ ఆర్థ్రోపొడా అనే ఒకే వర్గమని పుస్తకం చెప్పేమాట మన ఒంటికి కూడా తెలుసన్నమాట.

మొదటి మెట్టు: కత్తెర ముట్టకుండా చూడటం

రొయ్యను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దేహం రెండు భాగాలు. ముందున్నది తల, రొమ్ము కలిసిపోయిన శిరోవక్షం. దాని మీద ఒకే పలకగా కవచం ఉంటుంది. వెనకది ఆరు ఖండితాల, అంటే ఉంగరాల్లాంటి ఆరు ముక్కల, ఉదరం, చివర తోక ముల్లు. ఉదరపు పెంకులు ఒకదాని మీద ఒకటి ఎలా వాలాయో చూడండి. వనామిలో, టైగర్‌లో అవి వరసగా ముందుది వెనకదాన్ని కప్పుతాయి. నీలకంఠలో రెండో ఖండితపు పక్క పెంకు అటు ఒకటో దాన్ని, ఇటు మూడో దాన్ని రెండింటినీ కప్పుతుంది. కాళ్లు కూడా చూడండి. వనామికి నడక కాళ్లలో మొదటి మూడు జతలకు చిన్న పట్టకార్లు ఉంటాయి. నీలకంఠకు రెండు జతలకే ఉంటాయి, అందులో రెండో జత చాలా పొడవు, పెద్ద మగవాటిలో నీలి రంగు.

ఈ తేడా వెనక రెండు వేరు జీవన విధానాలు ఉన్నాయి. నీలకంఠ తల్లి గుడ్లను ఉదరం కింద ఈత కాళ్లకు అంటించుకుని పొదుగుతుంది. ఆ పిల్లలు ఎదగడానికి ఉప్పు కలిసిన నీళ్లు కావాలి కాబట్టి నది సముద్రంలో కలిసే మొగ వైపు ప్రయాణం కడుతుంది. వనామి, టైగర్ తల్లులు గుడ్లను నేరుగా సముద్రపు నీటిలోకి వదిలేస్తాయి.

మగా ఆడా తెలుసుకోవడం తేలిక. ఉదరం కింద మొదటి ఈత కాళ్ల జత లోపలి వైపు రెండూ కలిసి ఒక ప్రత్యేక నిర్మాణంగా ఉంటే అది మగది. ఆ భాగం పేరు పెటాస్మా. ఆడదానిలో చివరి నడక కాళ్ల మధ్య థెలికం ఉంటుంది.

రెండో మెట్టు: 19 జతల ఉపాంగాలు

ఈ మెట్టుకు ఓపిక కావాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

ఉపాంగాలంటే దేహానికి జతలుగా అతికి ఉన్న కాళ్లు, మీసాలు, నోటి భాగాలు. వాటిని వెనక నుంచి ముందుకు తీయాలి. ముందు నుంచి మొదలుపెడితే నోటి దగ్గరి సన్నని భాగాలు చిందరవందర అవుతాయి. ఒక పక్కవి మాత్రమే, మొదలంటా ట్వీజర్‌తో పట్టుకుని, మెల్లగా తిప్పుతూ లాగి నల్ల చార్టు మీద వరసగా పేర్చండి. తోక రెక్క ఒకటి, ఈత కాళ్లు ఐదు, నడక కాళ్లు ఐదు, ఆహారాన్ని నోటికి అందించే దవడకాళ్లు మూడు, నోటి దగ్గరి పలుచని మాక్సిల్లాలు రెండు, నమిలే మాండిబుల్ ఒకటి, పొడవాటి స్పర్శశృంగం (మీసం) ఒకటి, పొట్టి స్పర్శశృంగం ఒకటి. కూడితే 19. తక్కువ వస్తే మాక్సిల్లాల దగ్గర ఏదో చిరిగిందని అర్థం. అవి కాగితం కన్నా పలచన. రెండో రొయ్య అందుకే ఉంచుకున్నాం.

ఇప్పుడు ఆ వరసను దూరం నుంచి చూడండి. ఈత కాలులో ఒక మొదలు, దాని నుంచి రెండు కొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి. మిగతా చాలా ఉపాంగాలు ఇదే నమూనాకు మార్పులు. ఒక చోట కొమ్మ పోయింది, ఒక చోట వెడల్పయింది, ఒక చోట పన్నులా గట్టిపడింది. వాసన పట్టేది, నమిలేది, నడిచేది, ఈదేది అన్నీ ఒకే అచ్చు నుంచి వచ్చాయి. ఖండితాల దేహానికి ఉన్న అసలు బలం ఇదే. ఆర్థ్రోపొడా ప్రపంచమంతా ఎందుకు నిండిపోయిందో ఈ నల్ల చార్టు చూపించినంత బాగా ఏ పేరాగ్రాఫూ చెప్పలేదు.

రెండో మాక్సిల్లాకు చెంచాలాంటి వెడల్పు రేకు ఒకటి ఉంటుంది. దాన్ని విడిగా ఫోటో తీసి ఉంచండి, శ్వాస దగ్గర పని ఉంది. అలాగే పొట్టి స్పర్శశృంగపు మొదలును భూతద్దంతో చూడండి. అక్కడ చిన్న గుంట, అందులో ఇసుక రేణువులు ఉంటాయి. అది స్టాటోసిస్ట్, రొయ్యకు పైదేదో కిందదేదో చెప్పే అవయవం. పెంకు విడిచిన ప్రతిసారీ ఈ గుంట లోపలి పొర కూడా ఊడిపోతుంది, రొయ్య కొత్త రేణువులు వేసుకోవాలి. 1893లో వియన్నాలో అలోయిస్ క్రైడ్ల్ అనే శాస్త్రవేత్త అప్పుడే కవచం విడిచిన రొయ్యలకు ఇసుక బదులు ఇనుప రజను ఇచ్చాడు. అవి దాన్నే గుంటలో వేసుకున్నాయి. తర్వాత పై నుంచి అయస్కాంతం పట్టగానే వెల్లకిలా తిరిగాయి. వాటి లెక్కలో కింద అనేది అయస్కాంతం ఉన్న వైపు అయింది. ఇంత సులువైన ప్రయోగంతో ఒక అవయవం పనిని తేల్చేయడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

మూడో మెట్టు: మొప్పలు

కవచం పక్క పలకను కింది అంచు నుంచి పైకి కత్తిరించి తీసేయండి. లోపల ఈకల వరసలా లేత మొప్పలు కనిపిస్తాయి. పళ్లెంలో నీళ్లు పోస్తే విచ్చుకుంటాయి. గాలిలో చూస్తే అన్నీ అతుక్కుని ముద్దగా ఉంటాయి. చెరువులోంచి తీసిన రొయ్య చుట్టూ అంత ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడక చనిపోవడానికి ముఖ్య కారణం ఈ అతుక్కుపోవడమే.

మొప్పల గదిలోకి నీళ్లు కింద నుంచి, వెనక నుంచి చేరి ముందు వైపు బయటకు పోతాయి. ఆ ప్రవాహాన్ని నడిపేది రెండో మాక్సిల్లా రేకు. బతికున్న రొయ్యలో అది ఆగకుండా ఊగుతుంది. మొప్పలకు ఇంకో పెద్ద బాధ్యత ఉంది. రొయ్య దేహంలోని నత్రజని వ్యర్థం ఎక్కువ భాగం అమ్మోనియా రూపంలో వీటి గుండానే బయటకు పోతుంది. స్పర్శశృంగాల మొదట్లో ఉండే గ్రంథిని పుస్తకాలు విసర్జకావయవం అంటాయి గానీ, అది చేసే ముఖ్యమైన పని ఉప్పు, నీటి లెక్క చూడటం.

కైకలూరు వైపు చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా ఎందుకు తిరుగుతాయో ఇప్పుడు చెప్పగలరు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళ రొయ్యలు పైకి తేలుతున్నాయంటే రైతు గుండె జారినట్టే.

నాలుగో మెట్టు: కవచం కింద

కవచం వెనక అంచు దగ్గర కత్తెర మొన పెట్టి, నడిగీతకు ఇరుపక్కలా ముందుకు కత్తిరించండి. మొనను పైకే ఉంచాలి, లోపలికి దించితే గుండె పోతుంది. పలకను ట్వీజర్‌తో లేపి, కింద పొరను సూదితో విడదీయండి.

వెనక భాగంలో, వీపుకు ఆనుకుని, దాదాపు పారదర్శకంగా ఒక చిన్న ముద్ద ఉంటుంది. అదే గుండె. ఐసులో ఉన్న రొయ్యలో అది ముడుచుకుని ఉంటుంది, తొందరపడితే పొరనుకుని పారేస్తారు. దీని చుట్టూ ఉన్న ద్రవం ఆస్టియాలు అనే చిన్న ద్వారాల గుండా లోపలికి వస్తుంది. గుండె ముడుచుకున్నప్పుడు ధమనుల గుండా బయటకు పోతుంది. ఆ ధమనుల చివర మనలాగా సిరలతో కూడిన మూసిన దారి లేదు. ద్రవం అవయవాల మధ్య ఖాళీల్లోకి చేరి వాటిని నేరుగా తడుపుతుంది. ఆ ఖాళీ పేరు రక్తకుహరం. మొప్పల మీదుగా వెళ్లి ద్రవం మళ్లీ గుండె దగ్గరికి వస్తుంది.

రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది ఇనుమున్న హీమోగ్లోబిన్ కాదు, రాగి ఉన్న హీమోసయనిన్. ఆక్సిజన్ పట్టుకుంటే నీలం, వదిలేస్తే రంగు లేనిది. తాజా రొయ్యను కోసిన చోట చేరే ద్రవంలో లేత నీలి ఛాయ కనిపించవచ్చు.

గుండె ముందు పెద్దగా, గోధుమ-నారింజ రంగులో ఉన్నది కాలేయక్లోమం. జీర్ణరసాలు తయారు చేయడం, జీర్ణమైనదాన్ని పీల్చుకోవడం, కొవ్వు దాచుకోవడం అన్నీ ఇక్కడే. వనామి రైతులను కొన్నేళ్లుగా ఏడిపిస్తున్న ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి తిష్ఠ వేసేది ఈ అవయవం కణాల్లోనే. అది ఉన్న రొయ్య వెంటనే చనిపోదు, ఎదగడం మానేస్తుంది. మేత ఖర్చు పెరుగుతుంది, కౌంట్ మారదు. కాలేయక్లోమం ముందున్న సంచి జీర్ణాశయం. చీల్చి, కడిగి, భూతద్దం పెడితే లోపల పళ్లలాంటి గట్టి భాగాలు కనిపిస్తాయి. నమలడం నోట్లో సగం, కడుపులో సగం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన విషయం ఉంది. జీర్ణాశయం లోపలి గోడకు కూడా, పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థపు పొర ఉంది. మొప్పల మీదా ఉంది. పేగు చివరి భాగంలోనూ ఉంది. రొయ్య పెంకు విడిచిందంటే ఇవన్నీ ఒకేసారి విడవాలి. పెంకు సాగదు కాబట్టి ఎదగాలంటే విడవక తప్పదు. విడిచిన వెంటనే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తగా, రక్షణ లేకుండా ఉంటుంది. ఆ గంటల్లో తోటి రొయ్యలే తినేస్తాయి. కొత్త పెంకుకు కావలసిన ఖనిజాలను నీటి నుంచి తీసుకోవాలి. చెరువులో ఖనిజాలు చల్లే రైతు చేసేది ఈ సమయానికి సాయం. గుంటూరు మిరప, పత్తి చేలలో పురుగుకు కొట్టే మందుల్లో కొన్ని పనిచేసేదీ ఇక్కడే. నొవాల్యురాన్ లాంటివి కైటిన్ తయారీని అడ్డుకుంటాయి. పిల్ల పురుగు పొర విడిచి, కొత్తది కట్టుకోలేక చస్తుంది. ఆ మందు పెద్ద రెక్కల పురుగు మీద పనిచేయదని ఫిర్యాదు చేసే రైతుకు కారణం చెప్పడానికి ఈ ఒక్క పాఠం చాలు: రెక్కలొచ్చాక పురుగు పొర విడవదు.

ఐదో మెట్టు: ఉదరం, పేగు, నాడీదండం

వీపు వైపు పెంకు తీయండి. నడిగీతలో కనిపించే నల్లని పోగు పేగు. వంటకు ముందు చీల్చి లాగేసేది దీన్నే. చెక్ ట్రేలో రొయ్యను ఎత్తి చూసే రైతు ఈ గీత నిండుగా ఉందా, తెగుతూ ఉందా అని చూసే మేత లెక్క వేసుకుంటాడు. సముద్రంలో పట్టిన ఆడ టైగర్ రొయ్య దొరికితే పేగుకు ఆనుకుని ఆకుపచ్చని అండాశయం కూడా కనిపించవచ్చు. మార్కెట్ వనామిలో దాని కోసం వెతకకండి, ఈడు రాకముందే పట్టేస్తారు.

మిగిలినదంతా కండ. మన కండరాలు ఎముకను బయటి నుంచి పట్టుకుంటాయి, ఇవి పెంకును లోపలి నుంచి పట్టుకుంటాయి. దాదాపు అంతా ఒక్క పని కోసమే: ఆపద వస్తే ఉదరాన్ని ఒక్కసారిగా మడిచి వెనక్కి దూకడం.

ఇప్పుడు మూడో రొయ్యను వెల్లకిలా పెట్టండి. ఈత కాళ్లు తీసేసి, కింది పలుచని పొరను రెండు పక్కలా కత్తిరించి ఒలవండి. స్పిరిట్ కొన్ని చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. స్టవ్ దగ్గర మాత్రం ఈ పని వద్దు. నాడీ కణజాలం తెల్లగా, కాస్త గట్టిగా మారుతుంది. నడిగీతలో సన్నని తెల్ల దారం, ప్రతి ఖండితంలో ఒక చిన్న బొడిపె. దారం నాడీదండం, బొడిపెలు నాడీసంధులు. ఒక్కో బొడిపె తన ఖండితపు కాళ్లను తానే చూసుకుంటుంది. తల దగ్గర ఈ దండం అన్నవాహికకు ఇరుపక్కల నుంచి పైకెక్కి మెదడును చేరుతుంది. అంటే రొయ్య తినే ప్రతి ముద్దా నాడీవలయం మధ్య నుంచి పోతుంది.

ఈ దండంలోని కొన్ని లావుపాటి పోగులే వెనక్కి దూకమని ఆజ్ఞ మోస్తాయి. కురుమా అనే సముద్రపు రొయ్యలో కొలిస్తే ఆ సంకేతం సెకనుకు 200 మీటర్లు దాటింది. మన దేహంలో అతి వేగమైన నాడులది సెకనుకు 120 మీటర్ల ప్రాంతం. జంతులోకంలో తెలిసిన అత్యంత వేగమైన నాడీ సంకేతాల్లో రొయ్యది ఒకటి.

ఇంతవరకు వస్తే వీపు వైపు గుండె, మధ్యలో పేగు, పొట్ట వైపు నాడీదండం మీ కళ్లముందే ఉన్నాయి. మనలో సరిగ్గా తలకిందులు: వెన్నుపాము వీపున, గుండె ముందు. 1822లో ఫ్రాన్సులో జెఫ్రాయ్ సెయింట్ హిలేర్ అనే జంతుశాస్త్రవేత్త ఒక పెద్ద సముద్రపు రొయ్యను కోసి, తిరగేసి చూసి, వెన్నెముక ఉన్న జంతువుల దేహం దీని తిరగబడ్డ రూపమేనన్నాడు. అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. 1990 దశకంలో జన్యువులను పోల్చినప్పుడు, కీటకంలో ఏది వీపో ఏది పొట్టో నిర్ణయించే జన్యువులే కప్పలోనూ ఉన్నాయని, వాటి పని వైపులు మారిందని తేలింది. మీరు కూడా మీ పళ్లెంలోని రొయ్యను ఒకసారి తిరగేసి చూడండి.

ఆరో మెట్టు: కన్ను

కన్ను కాడను తుంచి, నల్లని భాగం పై పొరను సూదితో లేపి, నీటి చుక్కలో పరచండి. కాలేజీలో సూక్ష్మదర్శిని దొరికితే మంచిది. బొద్దింక, ఈగల కంటిలోని నేత్రాంశాలు, అంటే కన్నుగా కూడిన చిన్న చిన్న భాగాలు, ఆరు భుజాలవి. రొయ్యవి చతురస్రాలు. వెలుతురును కటకంతో వంచడానికి బదులు పెట్టె గోడల్లాంటి అద్దాలతో ప్రతిఫలింపజేసి ఒకచోటికి చేర్చే పద్ధతి ఇది. పెద్ద సముద్రపు రొయ్యల్లోని ఈ అమరికను చూసే ఎక్స్-కిరణాల దూరదర్శినులు తయారు చేశారు. చైనా 2024 జనవరిలో పంపిన ఐన్‌స్టీన్ ప్రోబ్ ఉపగ్రహంలో ఉన్నది ఆ రకమే.

కన్ను కాడలో చూపుతో సంబంధం లేని గ్రంథులు కూడా ఉన్నాయి. అండాశయం ఎదగకుండా ఆపే హార్మోన్ అక్కడి నుంచే వస్తుంది. హేచరీల్లో తల్లి రొయ్య ఒక కన్ను కాడను తీసేసి గుడ్లు పెట్టించడం దీని ఆధారంగానే. ఇది ఆ జీవికి బాధ కలిగించే పద్ధతి, దీన్ని మానేసే దారులు వెతకడం న్యాయం.

ఏడో మెట్టు: బతికున్న వాటిని పక్కన పెట్టి పోల్చడం

ఇక కత్తెర కడిగి దాచేయండి. మిగతాదంతా చూపుతోనే.

వానపామును నర్సరీ మట్టిలోంచో వర్మీ కంపోస్టు తొట్టిలోంచో తెచ్చి తడి కాగితం మీద వదలండి. వీపున ముదురు ఎర్రని గీత వెనక నుంచి ముందుకు అలలా కొట్టుకుంటుంది. అది పృష్ఠ రక్తనాళం. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టండి. ఇక్కడ రక్తం ఎర్రన, హీమోగ్లోబిన్ ఉంది, కానీ కణాల్లో కాదు, ద్రవంలోనే కరిగి ఉంటుంది. ప్రసరణ నాళాల లోపలే జరుగుతుంది. పెంకు లేదు, మొప్పలు లేవు, తడి చర్మమే శ్వాసావయవం. అందుకే ఎండలో పెట్టకూడదు. పొడి కాగితం మీద ఒక్క క్షణం పాకనిస్తే గీకుతున్న చిన్న చప్పుడు వినిపిస్తుంది, గీకేవి దాని శూకాలు, అంటే చర్మం మీది గట్టి వెంట్రుకల్లాంటివి. వెంటనే మట్టిలో వదిలేయండి.

బొద్దింకను పారదర్శకమైన సీసాలో పెట్టి పక్క నుంచి చూడండి. ఉదరం పైకీ కిందకీ కదులుతూ గాలిని నడిపిస్తుంది. పక్కల శ్వాసరంధ్రాలు, వాటి నుంచి వాయునాళాలు కొమ్మలై దాదాపు ప్రతి కణం దాకా వెళ్తాయి. ఆక్సిజన్ నేరుగా అందుతుంటే రక్తం మోయాల్సిన పని లేదు, కాబట్టి దానికి రంగూ లేదు. పిల్లలు వల్లె వేసే వాక్యానికి కారణం ఇదే. సబ్బునీళ్లు చల్లితే బొద్దింక చనిపోవడం కూడా దీంతోనే అర్థమవుతుంది: మామూలు నీరు ఆ రంధ్రాల్లోకి దూరలేదు, సబ్బు కలిస్తే దూరుతుంది. తల పోయినా కొన్ని రోజులు బతకగలదు, ఎందుకంటే ఊపిరి తలలో లేదు, కాళ్లను నడిపే నాడీసంధులు రొమ్ములోనే ఉన్నాయి. విసర్జనలోనూ తేడా చూడండి. నీళ్లలో ఉండే రొయ్య అమ్మోనియాను వదిలేస్తుంది. నీరు దాచుకోవాల్సిన బొద్దింక అదే నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది.

గుంటూరు వైపు ఉన్నవాళ్లు మిరప పువ్వు ఒకటి తెల్ల కాగితం మీద దులపండి. 2021లో మిరప రైతును ముంచిన నల్ల తామర పురుగు లాంటివి ఒకటి రెండు మిల్లీమీటర్లలో కదులుతాయి. ఈ పురుగుల నోటికి ఒక విచిత్రం ఉంది: ఎడమ మాండిబుల్ మాత్రమే ఎదుగుతుంది. దాంతో ఆకును గుచ్చి రసం పీలుస్తుంది. రెండు పక్కలా ఒకేలా ఉండాల్సిన దేహంలో నోరు ఒక్కటే అలా లేదు.

పొలం నత్తను నాచు పట్టిన గాజు సీసాలో ఉంచితే నోరు గాజును గీకడం బయటి నుంచి కనిపిస్తుంది. పైలా నత్తకు నీళ్లలో మొప్ప, గాలిలో ఊపిరితిత్తి గది రెండూ ఉన్నాయి, వరి మడి ఎండినా బతకడం అందుకే. కాలువ నత్తను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చివరగా దోమ లార్వా. డాబా మీద నిలిచిన నీటిలో తప్పక దొరుకుతుంది. మూత ఉన్న సీసాలో పెట్టి ఫోను టార్చి వెనక నుంచి వేస్తే లోపలి వాయునాళాలు, పేగు కూడా కనిపిస్తాయి. క్యూలెక్స్ లార్వా తోక గొట్టాన్ని నీటి పైకి పెట్టి వాలుగా వేలాడుతుంది. మలేరియా మోసే అనాఫిలిస్ నీటి మట్టానికి సమాంతరంగా పడుకుంటుంది. చూడటం అయ్యాక నీటిని కాలువలో కాదు, ఎండిన నేల మీద పారబోయండి. నీరు లేకపోతే లార్వా బతకదు.

ఎనిమిదో మెట్టు: బొమ్మలు, పట్టిక

అదే రోజు రాత్రి, ఫోటోలు చూడకుండా, గుర్తున్నంతవరకు పెన్సిల్‌తో రొయ్య నిలువుకోత బొమ్మ గీయండి. తర్వాత ఫోటో పెట్టి వేరే రంగుతో దిద్దండి. ఎక్కడ దిద్దారో అక్కడే మీరు సరిగ్గా చూడలేదు. ఆ భాగం కోసం మరోసారి రొయ్యలు తెచ్చినప్పుడు చూడండి.

పట్టికలో అడ్డంగా రొయ్య, వానపాము, బొద్దింక, నత్త రాయండి. నిలువుగా శ్వాస, రక్తం, విసర్జన, నాడీ వ్యవస్థ, ఎదుగుదల. ప్రతి గడిలో పేరు ఒక్కటే రాయకుండా, పక్కనే అది అలా ఉండటానికి కారణం నాలుగైదు మాటల్లో రాయండి. కారణం దొరకని గడిని ఖాళీగా ఉంచి, ఆ ప్రశ్నను మర్నాడు మీ లెక్చరర్‌ను అడగండి. కోసిన మూడు రొయ్యల మిగులును కాగితంలో చుట్టి తడి చెత్త బుట్టలో వేసి, పళ్లెం, పనిముట్లు వేడినీళ్లతో, సబ్బుతో కడిగి ఆరబెట్టండి.